మేం కట్టలేదా?

2022 ఆగస్టు 24 రాత్రి తొమ్మిదింటికి గిన్నెలు సర్దుకుంటుంటే తెనాలి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ అప్పుడు పొద్దున ఏడున్నర. ఆ వేళప్పుడు వాడు ఫోన్ చేయడు. ఏమైందో ఏమోనని తడిచేత్తోనే ఎత్తాను.

"అక్కా, టీవీలో చెబుతున్నారు. అమెరికాలో స్టూడెంట్ లోన్లు మాఫీ అట కదా! మనవాడికి కూడా వస్తుందంటావా?"

మనవాడంటే వాడి కొడుకు, నా మేనల్లుడు. ఎమ్మెస్‌కని వచ్చి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. వాడి చదువుకి తమ్ముడు నాన్న కట్టించిన ఇంటిని తాకట్టు పెట్టి బ్యాంకులో నలభై లక్షలు తీసుకున్నాడు. నేను పుట్టి పెరిగిన ఇల్లది.

"లేదురా నాన్నా. అది అమెరికా ప్రభుత్వం తన దగ్గర అప్పు తీసుకున్నవాళ్లకి చేసేది. మనవాడిది అక్కడి బ్యాంకు లోన్ కదా. వీసా మీద వచ్చినవాళ్లకి ఇక్కడి ప్రభుత్వం అసలు అప్పే ఇవ్వదు. ఇక మాఫీ ఎక్కడిది?"

"అంతేలే. ఊరికే అడిగాను," అన్నాడు. ఊరికే అడగలేదని నాకు తెలుసు.

ఫోన్ పెట్టేశాక హాల్లోకి వస్తే అక్కడ ఇంకో రామాయణం నడుస్తోంది. మా అమ్మాయి సంబరంగా ఉంది. తనకింకా లోనే లేదు, హైస్కూల్లో ఉంది. స్నేహితురాళ్ల అక్కలకి, అన్నలకి పదేసి వేల డాలర్లు పోతాయట. మా ఆయన మాత్రం సోఫాలో కూర్చుని మొహం ముడుచుకున్నారు. "మరి మేం కట్టలేదా?" అన్నారు.

నిజం చెప్పొద్దూ, నా నోట్లోనూ అదే మాట ఉంది. ఆయన ముందు అనేశారంతే.

మా కథ

మా ఆయన 2001లో చదువుకోడానికి వచ్చారు. మామగారి ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి ఎనిమిది లక్షలు తెచ్చారు. చదువు అయ్యేసరికి ఇక్కడ ఉద్యోగాలు లేని రోజులు. ఎలాగో ఒకటి దొరికాక 2004లో మా పెళ్లయింది. నేను తెలుగు బీఏ చదివి వచ్చినదాన్ని, పైగా హెచ్4 వీసా. ఉద్యోగం చేసే వీల్లేదు. ఒక్క జీతం. అందులోంచి అద్దె, కారు, ఊరికి పంపే డబ్బు, ఆపైన లోన్ వాయిదా. మొదటి రెండేళ్లు నేను కొన్న బట్టలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2005లో అమ్మాయి పుట్టింది. 2006లో ఇండియా వెళ్లినప్పుడు లోన్ తీరడానికి ఇంకొంచెం తక్కువ పడిందంటే, అమ్మ పెళ్లికి పెట్టిన ఎనిమిది కాసుల చంద్రహారం అమ్మేశాం. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, నేనే తీసిచ్చాను. ఇంటి కాగితాలు చేతికొచ్చిన రోజు మామగారు అందరికీ స్వీట్లు పంచారు. హారం సంగతి మాత్రం ఆ రోజుగానీ, ఆ తర్వాతగానీ ఎవరూ ఎత్తలేదు.

కాబట్టి బైడెన్ గారి ప్రకటన విన్నప్పుడు నా మనసులో కలిగింది సంతోషం కాదు, ఉక్రోషమే. ఇక్కడ అది దాచుకోవడం ఎందుకు?

ఆ ప్రకటన ఏమిటో గుర్తులేనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఒక్కరి సంపాదన ఏడాదికి లక్షా పాతికవేల డాలర్ల లోపు, భార్యాభర్తలిద్దరిదీ కలిపితే రెండున్నర లక్షల లోపు ఉంటే, ప్రభుత్వానికి బాకీ ఉన్న విద్యా రుణంలో 10 వేల డాలర్ల దాకా కొట్టేస్తామన్నారు. పేద కుటుంబాల పిల్లలకిచ్చే పెల్ గ్రాంట్ అందుకున్నవాళ్లకైతే 20 వేలు. అప్పట్లో ఈ దేశంలో సుమారు 4 కోట్ల 30 లక్షల మందికి ప్రభుత్వ విద్యా రుణాలుండేవి. అన్నీ కలిపితే బాకీ 1.6 లక్షల కోట్ల డాలర్లు. ఈ మాఫీకయ్యే ఖర్చు సుమారు 40 వేల కోట్ల డాలర్లని పార్లమెంటు బడ్జెట్ ఆఫీసు లెక్కగట్టింది. కొన్ని వారాల్లోనే 2 కోట్ల 60 లక్షల మంది లెక్కలోకి వచ్చారు, 1 కోటి 60 లక్షల మందికి సరేనన్నారు కూడా. ఇంతలో కొన్ని రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి. 2023 జూన్ 30న సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో మొత్తం పథకాన్ని కొట్టేసింది. ఇంత పెద్ద మాఫీకి 2003 నాటి చట్టం అధికారం ఇవ్వలేదని, అది కాంగ్రెస్ తేల్చాల్సిన పని అని చెప్పింది.

నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోయింది. మరి జనం ఏమనుకున్నారు? తీర్పు వచ్చిన వెంటనే ఏబీసీ, ఇప్సోస్ కలిసి అడిగితే నూటికి 45 మంది కోర్టు చేసింది సబబేనన్నారు, 40 మంది కాదన్నారు. దాదాపు చెరిసగం. మా హాల్లో లాగే.

అయోవా తండ్రి, మా నాయనమ్మ

2020 జనవరిలో, ఎన్నికల ప్రచారంలో, అయోవాలో ఎలిజబెత్ వారెన్‌ను ఒక తండ్రి నిలదీసిన వీడియో చాలామంది చూసే ఉంటారు. నేను పొదుపు చేసి నా కూతుర్ని అప్పు లేకుండా చదివించాను, నా డబ్బు నాకు తిరిగిస్తారా అని ఆయన ప్రశ్న. ఇవ్వమని ఆవిడ జవాబు. అంటే సరిగ్గా నడిచినవాళ్లం మేమే నష్టపోయామన్నమాట అని ఆయన బాధపడ్డాడు. అప్పట్లో ఆ వీడియో చూసి మా ఆయన, నేను ఒకేసారి "కరెక్ట్!" అన్నాం.

2022 తర్వాత అది మళ్లీ గుర్తొచ్చి నేను ఎక్కువ ఆలోచించింది మా నాయనమ్మ గురించి.

మా ఇంట్లో రుబ్బురోలు ఉండేది. నేను ఎలిమెంటరీ స్కూల్లో ఉండగా అమ్మ చీటీ పాడి గ్రైండర్ కొనుక్కుంది. నాయనమ్మ అగ్గిమీద గుగ్గిలం అయిపోయింది. "మేం రుబ్బలేదా? నీకంటే ఎక్కువమందికి వండిపెట్టలేదా? ఇప్పటి వాళ్లకి ఒళ్లు వంగదు," అంది. కొన్ని నెలల పాటు ఆ పిండితో చేసిన గారె ముట్టలేదు. పండగ పూట అమ్మ ఆవిడ ఒక్కదాని కోసం రోట్లో విడిగా రుబ్బేది. గ్రైండర్ అక్కడ తిరుగుతూ ఉండగా, ఇక్కడ అమ్మ పొత్రం తిప్పడం నాకింకా కళ్లముందే ఉంది.

ఏళ్లు గడిచాక, నేను డిగ్రీలో ఉండగా ఒకసారి నాయనమ్మ కాళ్లు పడుతూ అడిగాను, ఎందుకు నానమ్మా అప్పుడంత గొడవ చేశావని. ఆవిడ అరచేతులు చూపించింది. "పధ్నాలుగేళ్లకి కాపురానికొచ్చా. ఈ చేతులు కాయలు కాసి, పగిలి నెత్తురొచ్చేవి. అబ్బా, పాపం అని ఒక్కరన్నారా? మీ అమ్మకి మాత్రం నొప్పి పుట్టకముందే మిషన్ వచ్చేసింది," అంది.

అంటే ఆవిడ కోపం గ్రైండర్ మీద కాదు. తన చేతుల్ని ఎవరూ చూడలేదనే.

అత్తాకోడళ్ల మధ్య తరతరాలుగా నడుస్తున్నది ఈ లెక్కే కదా! నేను పడ్డాను, నువ్వూ పడు. నాకు పురిటికి పుట్టింటికి పంపలేదు, నీకెందుకు? నేను నెలసరిలో పెరట్లో కూర్చున్నాను, నువ్వు ఇంట్లో ఎలా తిరుగుతావు? ఈ లెక్క ప్రకారం పోతే ఏ ఇంట్లోనూ ఏ కష్టమూ ఎప్పటికీ తీరదు. ఎవరో ఒక తరం "నేను పడ్డాను, అందుకే నువ్వు పడకూడదు" అనాలి. మనం కోడళ్లుగా ఉన్నప్పుడు ఇది బాగానే అర్థమవుతుంది. అత్తలయ్యే వయసు దగ్గరపడేకొద్దీ ఎందుకో మరుపొస్తుంది.

"మరి మేం కట్టలేదా?" అన్న మాటలో నాకు నాయనమ్మ గొంతు వినపడింది. నా గొంతులోనే.

గ్రైండర్ ఎవరి డబ్బుతో కొన్నాం?

ఇక్కడితో ఆపేస్తే చక్కగా ఉంటుంది, చదివిన మీరూ అవునంటారు. కానీ ఈ పోలికలో ఒక చిల్లు ఉంది, దాన్ని కప్పిపుచ్చితే తప్పవుతుంది.

అమ్మ గ్రైండర్ కొన్నది తన చీటీ డబ్బుతో. నాయనమ్మ డబ్బుతో కాదు. అదే నాయనమ్మ పింఛను డబ్బుతో, ఆవిణ్ణి అడక్కుండా కొనుంటే? అప్పుడావిడ కోపాన్ని అసూయ అనగలమా?

ప్రభుత్వం మాఫీ చేసేది పన్నుల డబ్బుతో, లేదా కొత్త అప్పుతో. ఆ పన్ను కట్టేవాళ్లలో కాలేజీ గడప తొక్కనివాళ్లున్నారు. మా ఇంటికి పైపులు బాగుచేయడానికి వచ్చే ఆయన పద్దెనిమిదేళ్లకే పనిలో దిగాడు. వ్యాను కూడా అప్పు మీదే కొన్నాడు. దాన్నెవరూ మాఫీ చేయరు. "నా పన్నుతో లాయరు కాబోయేవాడి అప్పు తీర్చాలా?" అని ఆయన అడిగితే నా దగ్గర సులువైన జవాబు లేదు.

అప్పుల మాఫీ మన తెలుగువాళ్లకి కొత్త కాదు. 2014లో ఆంధ్రాలో కుటుంబానికి లక్షన్నర దాకా, తెలంగాణలో లక్ష దాకా రైతు రుణమాఫీ ప్రకటించారు. 2024లో తెలంగాణలో 2 లక్షల దాకా చేశారు. 2014లో మా నాన్న పంట లోను ఎప్పట్లాగే గడువుకి ముందే కట్టేశారు. పక్క పొలం ఆయన, ఎన్నికలొస్తున్నాయి కదా చూద్దామని ఆగాడు. ఆయనకి వాయిదాల్లోనైనా కొంత వచ్చింది, నాన్నకి రాలేదు. ఊళ్లో "కట్టినవాడు వెర్రివాడు" అన్నారు. నాన్న నవ్వి ఊరుకున్నారుగానీ ఆ మాట ఆయనకు తగిలింది. అలాగని ఆ మాఫీ అక్కర్లేదని ఆయన ఎన్నడూ అనలేదు. "పురుగుల మందు డబ్బా దాకా వెళ్లినవాడికి అది కావాలమ్మా. కానీ గిట్టుబాటు ధర ఇవ్వకుండా మాఫీ ఇస్తే మళ్లీ ఐదేళ్లకి అదే అప్పు," అనేవారు.

మా అమ్మాయి వాదన మాత్రం వేరు. "కోవిడ్‌లో వ్యాపారాలకి పీపీపీ లోన్లని 80 వేల కోట్ల డాలర్ల దాకా ఇచ్చారు. వాటిలో చాలావరకు మాఫీ చేశారు. అప్పుడెవరూ ఇంత గొడవ చేయలేదు. విద్యార్థుల దగ్గరికొచ్చేసరికి నీతి గుర్తొచ్చిందా?" అంటుంది. అందులోనూ నిజముంది. నిజానికి ఆ లోన్లు జీతాలు ఆపకుండా ఇస్తే మాఫీ అని ముందే చెప్పి ఇచ్చినవి. అయినా పెద్దవాళ్ల అప్పుకి ఒక పేరు, పిల్లల అప్పుకి ఇంకో పేరు అన్న దాని ఉక్రోషం నాకు అర్థమవుతుంది.

టీచరమ్మ లెక్క

నా మనసు మార్చింది మాత్రం వాదనలు కాదు, ఒక మనిషి.

2022 చలికాలంలో లైబ్రరీలో మా అమ్మాయికి నాలుగో తరగతి చెప్పిన టీచరు కనిపించారు. మాటల్లో లోన్ల సంగతొచ్చింది. ఆవిడ మాస్టర్స్ కోసం 38 వేల డాలర్లు తీసుకున్నారు. 6.8 శాతం వడ్డీ. 2009 నుంచి కడుతున్నారు. జీతాన్ని బట్టి వాయిదా ఉండే పద్ధతి కాబట్టి సగటున నెలకు 180 పడేది.

ఇంటికొచ్చి కరెంటు బిల్లు వెనకాల లెక్క వేశాను. 38 వేలకి 6.8 శాతమంటే ఏడాదికి 2,584. నెలకు 215 వడ్డీకే సరి. ఆవిడ కట్టేది 180. అంటే ప్రతి నెలా తప్పకుండా కట్టినా 35 డాలర్లు అప్పు పెరుగుతుంది. పదమూడేళ్లలో ఆవిడ కట్టింది 28 వేలు, ఇంకా బాకీ 43 వేలు. తీసుకున్నది 38 కదా! మన పల్లెటూళ్లలో వడ్డీ వ్యాపారి చేసేది ఇదే, అక్కడ దానికి వేరే పేరు పెట్టుకున్నాం.

ఇంకో సంగతి. బడి, ఆసుపత్రి, ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేస్తూ పదేళ్లలో 120 వాయిదాలు కడితే మిగతాది మాఫీ అని 2007 నుంచే చట్టం ఉంది. కానీ మొదట్లో దరఖాస్తు పెట్టినవాళ్లలో నూటికి దాదాపు 99 మందిని కాదని తిప్పి పంపారు. ఈ టీచరుదీ అదే కథ. లోన్ ప్రభుత్వం పూచీ ఉన్నదే అయినా బ్యాంకు ద్వారా తీసుకున్నది కాబట్టి చెల్లదన్నారు. ఆ సంగతి అన్నేళ్లలో ఫోన్ చేసిన ఏ ఒక్కసారీ ఆవిడకు ఎవరూ చెప్పలేదు. 2021లో ప్రభుత్వం నిబంధనలు సడలించి, పాత వాయిదాలు కూడా లెక్కలోకి తీసుకుంటామంటే అప్పుడు లోన్ మార్చుకుని దరఖాస్తు పెట్టారు. మర్నాటి ఏడు ఆ బాకీ పోయిందని మెసేజ్ పెట్టారు. చివర్లో ఏడుపు బొమ్మ, నవ్వు బొమ్మ రెండూ పెట్టారు.

ఆవిడ అప్పు పోయిందని తెలిసినప్పుడు "మేం కట్టలేదా?" అని నాకు అనిపించలేదు. మా లోన్ ఎనిమిది లక్షలు. కట్టేకొద్దీ తగ్గింది. కష్టపడితే తీరింది. ఆవిడ కష్టపడేకొద్దీ పెరిగింది. రెండూ ఒకటే అప్పు కాదు. పైగా ఈ దేశంలో దివాలా తీస్తే క్రెడిట్ కార్డు అప్పు కూడా కొట్టేస్తారుగానీ, విద్యా రుణం అంత తేలిగ్గా పోదు. భరించలేని కష్టమని కోర్టులో ప్రత్యేకంగా నిరూపించుకోవాలి.

ఆ సుప్రీంకోర్టు తీర్పుతో సంబంధం లేని ఇలాంటి పాత చట్టాల కింద, విడివిడిగా, 2025 జనవరి నాటికి 50 లక్షల మందికి పైగా 18 వేల కోట్ల డాలర్లకు మించి మాఫీ అయింది. టీచర్లు, నర్సులు, వైకల్యమున్నవాళ్లు, మోసపు కాలేజీల్లో చేరి నష్టపోయినవాళ్లు. 2015లో మూతపడిన కొరింథియన్ కాలేజీల విద్యార్థులకే 2022లో 580 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేశారు. వీటి మీద పెద్ద రభస వినపడలేదు. ఎందుకంటే, ఎవరికి ఎందుకు అన్నది చెప్పగలిగారు కాబట్టి.

నా మాట

ఇన్నాళ్లకి నాకొక అభిప్రాయం ఏర్పడింది. మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

అందరికీ ఒకేసారి, ఇంత అని కొట్టేయడం నాకు సబబనిపించదు. బకెట్టు నిండిపోయిందని నీళ్లు పారబోస్తే సరిపోదు, కుళాయి కట్టాలి కదా. ఈ ఏడు మాఫీ చేసి, వచ్చే ఏడు మళ్లీ అవే ఫీజులకి అదే అప్పు ఇస్తే మా నాన్న చెప్పిన గిట్టుబాటు ధర కథే. జనానికీ ఇది తెలుసు. 2022 జూన్‌లో ఎన్‌పీఆర్, ఇప్సోస్ సర్వేలో 10 వేల దాకా మాఫీకి సరేనన్నవాళ్లు నూటికి 55 మంది. 50 వేలంటే 47కి, మొత్తమంటే 41కి తగ్గారు. కానీ ఉన్న అప్పు మాఫీ ముఖ్యమా, కాలేజీ చదువు అందుబాటు ధరకి తేవడం ముఖ్యమా అని అడిగితే, 82 మంది చదువు ధర తగ్గించమన్నారు. మాఫీ ముందన్నది 16 మందే. లోన్ ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ కొట్టుకుంటున్నారని మనం అనుకుంటాంగానీ, అసలు సంగతి మీద అందరూ ఒక మాట మీదే ఉన్నారు.

అలాగని మాఫీయే వద్దనను. తీసుకున్న అసలుకి సరిపడా ఇప్పటికే కట్టేసి ఇంకా వడ్డీలో మునిగి ఉన్నవాళ్లకి కొట్టేయాలి. నెలనెలా తప్పకుండా కడుతున్నవాళ్ల అప్పు పెరగకూడదు. బడిలో, ఆసుపత్రిలో పదేళ్లు పనిచేస్తే ఇస్తామన్న మాట నిలబెట్టుకోవాలి. మోసపోయిన పిల్లలకి బాకీ రద్దు చేయాలి. ఇందులో ఎవరి సొమ్మూ ఎవరూ కాజేయడం లేదు.

వింతేమిటంటే, వడ్డీ విషయంలో రెండు పార్టీలూ దాదాపు ఒకే చోటికి వచ్చాయి. బైడెన్ హయాంలో వచ్చిన సేవ్ ప్లాన్‌లో వాయిదా కట్టాక మిగిలిన వడ్డీ వదిలేసేవారు. 2024లో కోర్టులు దాన్ని ఆపాయి. 2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన కొత్త చట్టంలోని ప్లాన్‌లోనూ వేళకి కడితే మిగిలిన వడ్డీ వదిలేస్తారు. కాకపోతే మిగతాది మాఫీ కావాలంటే 30 ఏళ్లు కట్టాలి. ఇరవై ఐదేళ్లకి మాస్టర్స్ ముగిస్తే, యాభై ఐదేళ్ల దాకా. అప్పటికి వాళ్ల పిల్లలే లోన్ తీసుకునే వయసుకొస్తారు.

ఇక "మేం కట్టలేదా?" అన్నవాళ్లకి జవాబు చెప్పాల్సిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే. అయోవా తండ్రిని చూసి నవ్విన వాళ్లున్నారు, స్వార్థపరుడన్నారు. నేననను. ఆయనకు డబ్బు తిరిగివ్వలేకపోవచ్చు. కానీ "నువ్వు చేసింది తెలివితక్కువ పని కాదు, నీ పొదుపుకి విలువుంది" అని ఎవరైనా చెప్పాలి. నాయనమ్మ చేతుల్ని ముందు ఒకరు చూసుంటే గారె తినుండేది.

హారం సంగతి

మా అమ్మాయి ఇప్పుడు కాలేజీ మూడో ఏడు. ప్రభుత్వ లోన్ తీసుకుంది. మొదటి ఏడు 5,500, రెండో ఏడు 6,500, ఈ ఏడు 7,500. మిగతాది మేం సర్దుతున్నాం. దానికి మాటలు సరిగ్గా రాని పిల్లలకి స్పీచ్ థెరపీ చేసే పని అంటే ఇష్టం. దానికి మాస్టర్స్ కావాలి. కొత్త చట్టం ప్రకారం 2026 జూలై నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ లోన్లు లేవు. చాలా మాస్టర్స్ కోర్సులకి ఏడాదికి 20,500 డాలర్లే పరిమితి. అది చాలకపోతే ప్రైవేటు లోన్. మొన్న సెలవులకి వచ్చినప్పుడు కూరగాయలు తరుగుతూ అంది, "తీసుకుందాంలే అమ్మా, ఎప్పటికో మాఫీ చేస్తారు."

కత్తిపీట పక్కన పెట్టి దానికి హారం సంగతి చెప్పాను. ఇరవై ఏళ్లొచ్చినా దానికి తెలీదు. పెళ్లి ఫొటోలో నా మెళ్లో చూసి, బ్యాంకు లాకర్లో ఉందనుకుందట. "నాకు చెప్పనేలేదేం?" అంది. ఏం చెబుతాను? అడిగినవాళ్లెవరు? పక్కగదిలోంచి మా ఆయన వింటున్నారని నాకు తెలీదు. ఆ రాత్రి పడుకోబోతూ, "నేనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు కదూ," అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. పంతొమ్మిదేళ్ల తర్వాత అన్నారు. అయినా బాగుంది.

అమ్మాయికి నేను చెప్పింది ఒక్కటే. మాఫీ వస్తే సంతోషం, కళ్లకద్దుకుని తీసుకో. కానీ వస్తుందని నమ్మి సంతకం పెట్టకు. వడ్డీ ఎంత, వచ్చే జీతం ఎంత, ఎన్నేళ్లలో తీరుతుంది, ఈ మూడూ కాగితం మీద రాసి చూసుకున్నాకే సంతకం. బళ్లో చేరితే పదేళ్ల లెక్క మొదటి రోజు నుంచే రాసి పెట్టుకో. టీచరమ్మకు జరిగినట్టు జరగకూడదు.

తమ్ముడి సంగతికొస్తే, మేనల్లుడు 2024లో చదువు ముగించి ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాడు. మా గెస్ట్ రూములోనే. ఇప్పుడు ఉద్యోగం ఉంది. నెలకు 55 వేల రూపాయల పైచిలుకు వాయిదా పంపుతున్నాడు. ఇంకా తొమ్మిదేళ్లకు పైగా ఉంది. వీసా ఉంటుందో లేదో తెలీదు. అమెరికాలో ఎవరు గెలిచినా, ఏ కోర్టు ఏం చెప్పినా, వాడి అప్పు ఏ సర్వేలోనూ లేదు. ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ లేదు. ఇలాంటి ఇళ్లు తెనాలిలో మా వీధిలోనే ఎన్నో ఉన్నాయి. పిల్లాడు అమెరికాలో ఉన్నాడని ఊళ్లో గొప్ప, ఇంటి కాగితాలు బ్యాంకులో.

వాడు ప్రతి నెలా వాయిదా కట్టాక నాకు స్క్రీన్‌షాట్ పంపిస్తాడు. ఎందుకు పంపుతాడో వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదట్లో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకునేదాన్ని. ఈ మధ్య ఆ రోజు ఫోన్ చేసి, వాడికిష్టమైన గోంగూర పచ్చడి వేసుకుని భోజనం చేసి వెళ్లమంటున్నాను.